ఏడో నంబరుకి సున్నా

"ఏడో నంబరుకి సున్నా ఎలా వేశారు?" అని నిలదీసింది డాక్టరమ్మ.

"నొప్పి లేదు కాబట్టి వేశాను," అంది ఎలుకలమ్మ. ప్రయోగశాలలో జంతువుల గది చూసుకునే ఆవిడకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, హాజరుపట్టీలో తప్ప అసలు పేరు ఎక్కడా వినపడదు.

గదిలో ఉన్నవన్నీ ఆడ ఎలుకలే. గర్భసంచి లోపలి పొర తీసి పొట్టలో మరోచోట అతికిస్తే, నెలసరి రోజుల్లో కొందరు ఆడపిల్లల్ని మెలిపెట్టే జబ్బులాంటిదే వాటికీ వస్తుంది. దానికో హార్మోను మందు ఇచ్చి చూస్తున్నారు. కళ్ళు ముడుచుకున్నాయా, చెవులు వాలాయా, బుగ్గలు బిగుసుకున్నాయా అని రోజూ ఒక్కోదాని ముఖం చూసి, నొప్పికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు వెయ్యడం ఎలుకలమ్మ పని.

"మందు పనిచేసిందమ్మా! నేను తలుపు తియ్యగానే లేచి, చకచకా మేత తినేస్తోంది. మొదట్లో ఎంత నాటకం ఆడేదనీ! అచ్చం మా అమ్మాయే."

"మీ అమ్మాయా?"

"పదిహేనేళ్ళప్పట్నించీ నెలనెలా పొట్ట పట్టుకుని దొర్లేది. ఆడదన్నాక ఆ మాత్రం ఓర్చుకోలేవా అని ఓసారి నాలుగు తగిలించాను. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం. ఏడాదయింది, నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఫోన్ చేస్తే ఒకటే నవ్వులు."

డాక్టరమ్మ కంప్యూటరు ఆవిడవైపు తిప్పింది. "మీరు బయటికి వెళ్ళాక కెమెరా తీసింది. చూడండి."

తెరమీద ఎలుకలమ్మ నీలం కోటు తలుపు దాటింది. తలుపు పడింది. ఏడో నంబరు నోట్లో మేత వదిలేసింది. మూలకి వెళ్ళి వీపు విల్లులా వంచి, కళ్ళు గట్టిగా మూసుకుంది. డొక్కలు లోపలికి పీక్కుపోయి, వదులై, మళ్ళీ పీక్కుపోతున్నాయి.

"మరి నా ముందు ఎందుకమ్మా అంత హుషారు?"

"దాచుకుంటాయి. నొప్పి ఉన్నట్టు తెలిస్తే తమకే ముప్పని వాటి భయం. ఎవరంటే బెదురో వాళ్ళ ముందు అస్సలు బయటపడవు."

"నేను దాన్ని ఒక్క దెబ్బ కూడా..." అనబోయి ఎలుకలమ్మ ఆగిపోయింది.

వరండాలోకి వచ్చి, చేతి తొడుగులు లాగి పారేసి, కూతురికి ఫోన్ చేసింది. ఎత్తింది కూతురు కాదు, ఆమెతో ఒకే గదిలో ఉండే స్నేహితురాలు.

"పడుకుంది ఆంటీ."

"పట్టపగలు పడకేమిటి? ఆఫీసుకి వెళ్ళలేదా?"

అటువైపు తలుపు మెల్లగా దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

"దానికి నొప్పి వస్తోందా? నేనేమీ అనను తల్లీ. నిజం చెప్పు."

"మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది ఆంటీ. నెలనెలా వస్తూనే ఉంది. మీ ఫోన్ రాగానే కళ్ళు తుడుచుకుని మాట్లాడేది. మొన్న శుక్రవారం ఆఫీసులోనే పడిపోయింది. ఆపరేషన్ చేసి ఒక అండాశయం తీసేశారు. ఇప్పుడు ప్రమాదం లేదన్నారు."

ఎలుకలమ్మ ఫోను రెండు చేతులతో చెవికి నొక్కుకుంది.

"సంతకం ఎవరు పెట్టారే?"

"నేనే ఆంటీ. అక్కనని చెప్పాను."

"ఒక్క ఫోన్ చేస్తే పరిగెత్తుకు వచ్చేదాన్ని కదే! ఆస్పత్రివాళ్ళైనా నన్ను పిలవమనలేదా?"

"అన్నారు ఆంటీ... అమ్మ పోయి చాలా ఏళ్ళయిందని రాయించింది."