ఓకే నొక్కితే చాలు

"ఫోన్ ఆమెకు ఇవ్వండి," అంది ఇంద్రజ.

లక్ష్మణ్ ఇవ్వలేదు. చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జేబులో ఉన్నది అతని భార్య సరిత ఫోన్.

సూర్యాపేట బ్యాంకులో ఇళ్ల లోన్లు చూసేది ఇంద్రజ. సరిత కోదాడ సర్కారు దవాఖానలో నర్సు. లోన్ అడిగింది ఆమె పేరు మీదే. జీతానికి వంక లేదు, కాగితాలకు వంక లేదు. క్రెడిట్ స్కోరు దగ్గర ఆగింది. ఏడువందల యాభై కావాలి, ఏడువందల ముప్ఫై ఒకటి ఉంది.

ఇంద్రజ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. "మీ క్రెడిట్ కార్డు లిమిట్ యాభై వేలు. నలభై ఐదు వేలు వాడేశారు. అంత నిండా వాడితే స్కోరు పడిపోతుంది. ఆ బాకీ ఇప్పుడు కట్టగలరా?"

"చేతిల పైసల్లేవు మేడమ్," అన్నాడు లక్ష్మణ్.

"మరి బ్యాంకే లిమిట్ రెండు లక్షలు చేస్తానంటోంది. అప్పుడు ఆ నలభై ఐదు వేలు పావు వంతు కూడా కాదు. పదిహేను రోజుల్లో స్కోరు లేస్తుంది. ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఓకే నొక్కితే చాలు."

"లిమిట్ పెంచుడు వద్దు మేడమ్. ఇంకో తొవ్వ ఏమన్న ఉంటే సూడండి."

"లేదు. నెలాఖరు దాటితే మీరు ఇంటికి ముందుగా ఇచ్చిన బయానా పోతుంది."

వాళ్లు కొనబోతున్నది కోదాడలో, మిర్యాలగూడ రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు. దాని బయానా కోసం లక్ష్మణ్ చిలుకూరులో ఉన్న గొర్రెలన్నీ అమ్మేశాడు. లోన్ రాకపోతే ఇల్లూ లేదు, గొర్రెలూ లేవు. అయినా లక్ష్మణ్ తల అడ్డంగానే ఊపాడు.

ఇంద్రజకు ఒళ్లు మండింది. పెళ్లాం జీతం కావాలి, పెళ్లాం చేతిలో ఫోన్ మాత్రం ఉండకూడదు. ఇలాంటి మొగుళ్లను ఈ కుర్చీలోంచి ఎంతమందిని చూడలేదు. సరిత తల దించుకుని కొంగు మెలిపెడుతోంది. ఏం అడిగినా ముందు మొగుడి మొహం చూస్తోంది.

"కార్డు మీద అంత వాడింది ఎవరు?"

సరిత నోరు విప్పబోయింది.

"నేనే మేడమ్," అన్నాడు లక్ష్మణ్ గబుక్కున.

ఇంద్రజ అనుకున్నదే అయింది. "ఫోన్ బల్ల మీద పెట్టి మీరు బయట కూచోండి. లేకపోతే ఫైలు ఇప్పుడే మూసేస్తాను."

లక్ష్మణ్ భార్య వైపు చూశాడు. ఫోన్ బల్ల మీద పెట్టాడు. బయటికి నడిచాడు.

ఇంద్రజ ఆ ఫోన్ తీసి సరిత చేతిలో పెట్టింది. "భయపడకు. కార్డు నీది, జీతం నీది. నొక్కు."

సరిత బొటనవేలు తెర మీద ఆగింది.

"ఇది మళ్ల ఆయనకే ఇయ్యండి మేడమ్," అంటూ ఆమె 'వద్దు' నొక్కి ఫోన్‌ను బల్ల మీదికి నెట్టేసింది, "ఆ నలభై ఐదు వేలు ఫోన్ల పేకాటల పోగొట్టింది నేను, దీన్ని నా చేతికి ఇయ్యొద్దని ఆయనతోటి ఒట్టేయించుకున్నది గూడ నేనే."