ఎవలు నేర్పిన్రు?

గేటు ముందు కారు ఆగిన చప్పుడు వినిపించినా భూదవ్వ చేతులు దించలేదు.

ఆమె వెనక పద్నాలుగు మంది ఆడవాళ్లు. అందరూ బీడీలు చుట్టేవాళ్లే. ఎల్లారెడ్డిలో ఆ కార్ఖానా వాకిట్లో వరుసగా నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతులూ మెల్లగా పైకి లేపుతున్నారు. అంతే మెల్లగా దించుతున్నారు.

కార్ఖానా నడిపే శైలేందర్ కారు దిగి, అలాగే నిలబడిపోయాడు. రోజూ పొద్దున్నే బీడీ కట్టలు వేసుకుని కామారెడ్డి వెళ్తే పది దాటాకే తిరిగొస్తాడు. ఈ రోజు అక్కడ గోదాముకు తాళం ఉండటంతో ముందే వచ్చేశాడు.

“ఏందిది?”

“తాయ్ చీ, సేటు,” అంది భూదవ్వ.

“చీ ఏంది చీ? నన్నే చీ అంటున్నవా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. భూదవ్వ నవ్వలేదు.

“చీనా దేశపోళ్ల కసరత్తు సేటు. పావుగంట. అయినంక పనిల కూసుంటం.”

భూదవ్వకు యాభై ఎనిమిదేళ్లు. పన్నెండో ఏట ఆమె ఒళ్లోకి ఎక్కిన బీడీల చాట ఇంకా దిగలేదు. వంచిన మెడ వంచినట్టే ఉండిపోయింది. వేళ్లు కొంకర్లు పోయాయి. నిరుడు చలికాలంలో కొప్పు ముడుచుకోవడానికి కూడా పక్కింటి పిల్లను పిలవాల్సి వచ్చింది. పని మానెయ్యమన్నాడు డాక్టరు. మానేస్తే ఏం తినాలో చెప్పలేదు.

తాయ్ చీ మొదలుపెట్టి నాలుగు నెలలు. ఇప్పుడు కొప్పు తనే ముడుచుకుంటోంది. కమ్మీ పట్టుకోకుండా బస్సెక్కుతోంది. దుబాయిలో ఉన్న మొగుడి ఫోను రెండు రోజులు రాకపోతే గుండె దడతో కూలబడే వినోద, ఇప్పుడు కాసేపు కళ్లు మూసుకుని, ఊపిరి నిదానంగా తీసి వదిలి, మళ్లీ కత్తెర అందుకుంటోంది. నొప్పులు మొత్తం పోలేదు. పోతాయని భూదవ్వ ఎవరికీ చెప్పనూ లేదు.

ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా చెప్పలేదు.

శైలేందర్‌కు కావలసింది సరిగ్గా అదే.

“ఎవలు నేర్పిన్రు?”

భూదవ్వ చేతులు మెల్లగా దించింది.

“ఇంతమందిని వరుసల నిలవెట్టుడు నీతోని అయ్యే పని గాదు. యూనియనోళ్లేనా? ఇయ్యాల చేతులు లేపుతరు, రేపు జెండ లేపుతరు. నాకెర్కలేదా?”

“యూనియన్ గాదు.”

“మరెవలు?”

“చెప్ప.”

ఇరవై ఏళ్లుగా అతని దగ్గర పని చేస్తోంది. అతనికి ఆ మాట చెప్పడం ఇదే మొదటిసారి. శైలేందర్ మొహం ఎర్రబడింది. అయినా తమాయించుకున్నాడు.

“నీ మంచికే చెప్తున్న భూదవ్వా. ఈ వయసుల కింద పడితే ఎవలు చూస్తరు? మా అవ్వను చూస్తలేవా? రోజు పొద్దుగాల చాయ్ నువ్వే ఇచ్చొస్తవ్ గద!” పైన మేడ వైపు చేయి చూపించాడు. అతని ఇల్లు, మంచం పట్టిన తల్లి అక్కడే. “తుంటి ఇరిగి రెండేండ్లాయె. ఒక్కనాడన్న మంచం దిగనిచ్చిన్నా? పానం బాగలేనోళ్లు గట్ల ఉండాలె.”

“పండుకుంటే బాగయితదా సేటు?”

అతని ఓపిక అక్కడితో అయిపోయింది.

“పేరు చెప్తవా సరే. లేకుంటే రేపటి సంది నీకు ఆకు లేదు, తంబాకు లేదు.”

చుట్టడానికి ఆకు ఇవ్వకపోతే పొయ్యి మీదికి గిన్నె ఎక్కదు. ఈ చేతులను, ఈ మెడను చూసి ఇంకో కార్ఖానా వాళ్లు పని ఇవ్వరు. భూదవ్వకు అవన్నీ తెలుసు. పేరు చెబితే బతుకు దక్కుతుంది. కానీ చెప్పనని మాటిచ్చింది. చెబితే తనకన్నా ఎక్కువ పోగొట్టుకునేది ఆ మనిషే.

“ఇయ్యకు,” అంది.

అని, మళ్లీ మోకాళ్లు వంచి, వదిలేసిన చోటి నుంచి చేతులు లేపింది.

వినోద వరుసలోంచి బయటికొచ్చింది. అరుగు మీద ఉన్న తన చాట తీసుకుని బోర్లించింది.

“నాకు సుత వద్దు సేటు.”

“నీకు తెలుసా, ఎవలో?”

“తెల్వది. తెల్వకున్నా మంచిగైతే అయింది గద.”

ఆమె తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ముగ్గురు. చూస్తుండగానే అరుగు మీద భూదవ్వదితో సహా పదిహేను చాటలూ బోర్లాపడ్డాయి. అందరూ వచ్చి ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. తిట్టలేదు. చేతులు లేచాయి, దిగాయి.

శైలేందర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. శనివారానికల్లా మాలు కామారెడ్డి చేరకపోతే అతని కాంట్రాక్టే పోతుంది.

“సరే, చేసుకోన్రి,” అన్నాడు చివరికి. “పావుగంటనే. ఒక్క నిమిషం ఎక్కువ గావద్దు. కని ఆ నేర్పిన మనిషిని మాత్రం ఇప్పుడే తెచ్చి నా ముందట నిలవెట్టున్రి. నా కార్ఖానల, నాకు తెల్వకుంట, నా మనుషులకు నేర్పేటంత దమ్ము ఎవలికున్నదో నేను చూడాలె. అప్పటిదాంక ఎవలికీ ఆకు లేదు.”

భూదవ్వ అతని భుజం మీదుగా ఎటో చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

శైలేందర్ వెనక్కి తిరిగాడు.

చేతికర్ర లేకుండా, కమ్మీ పట్టుకోకుండా, ఒక్కో మెట్టు మీదా పాదం పూర్తిగా ఆనించుకుంటూ మేడ మీది నుంచి దిగి వస్తోంది, భజనలు చూసుకొమ్మని తను కొనిచ్చిన ఫోన్లో నాలుగు నెలలుగా తాయ్ చీ నేర్చుకుని రోజూ చాయ్ తెచ్చే భూదవ్వకు నేర్పుతున్న అతని కన్నతల్లి.