పాటల్లేని సినిమా

"పాటలున్నది నాకొద్దు బాబాయ్!"

సాయిలక్ష్మి ఆ సీడీని కూడా వెనక్కి తోసేసింది. బల్ల మీద అప్పటికే ఓ గుట్ట పోగైంది. నర్సీపట్నం బస్టాండు వెనక జోగులు క్యాసెట్ల కాలం నుంచి సినిమాలు అద్దెకిస్తున్నాడు. ఎందరో సినిమా పిచ్చోళ్ళను చూశాడు కానీ, ఇలాంటి బేరం తగలడం ఇదే మొదలు.

"తెలుగు సినిమాలో పాటల్లేకపోతే ఇంకేటుంటాదే? పాటొస్తే బటన్ నొక్కి దాటించీ."

"నొక్కడానికి నానక్కడ కూకోవద్దా?"

ఆ మాట జోగులు బుర్రకెక్కలేదు.

సాయిలక్ష్మి వాళ్ళది నాతవరం అవతల జీడితోట. ఇల్లు ఆ తోట మధ్యలోనే. మొగుడు నానాజీ వాళ్ళమ్మకి ఆపరేషన్ చేయించడానికి విశాఖపట్నం వెళ్ళాడు. తిరిగి రావడానికి నెల పడుతుందన్నాడు. జీడిపిక్కలు గదిలో పోసి ఉన్నాయి కాబట్టి ఆమె ఇల్లు వదిలి పుట్టింటికి పోవడానికి లేదు. ఈ నెలా ఒక్కదాన్నే ఎలా గడపాలి, సినిమాలే దిక్కు అని కొట్లోకి వస్తూనే చెప్పింది. జోగులు జాలిపడ్డాడు. నెలకి మూడు సినిమాలు ఇస్తాను, అవే తిప్పి తిప్పి వేసుకోవాలి కాబట్టి బాగా నచ్చినవి ఏరుకోమన్నాడు. ఆ ఏరుకోమనడమే అతను చేసిన పొరపాటు.

బయట నాతవరం ఆటో హారన్ కొట్టింది. సాయిలక్ష్మి ఉలిక్కిపడి వీధిలోకి చూసింది. పొద్దు వాలిపోతోంది. ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు.

"బేగి సూపించు బాబాయ్. ఇదెల్లిపోతే ఇంక ఆటో లేదు."

"అయితే ఇది పట్టుకెల్లు. ఆడోళ్ళందరూ మెచ్చుకున్నారు. మొగుడు సచ్చిపోయినాక పాపం ఆవిడొక్కర్తీ ఇంట్లో కూకుని ఏడస్తాది సూడూ..."

"అమ్మో, అదసలొద్దు!"

ఆమె ఆ సీడీని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. కొత్త సినిమా కోసం బెంచీ మీద కాసుకుని కూర్చున్న మగాళ్ళిద్దరు కిసుక్కున నవ్వారు. సాయిలక్ష్మి వాళ్ళ వైపు ఓ చూపు చూసి కొంగు నిండుగా కప్పుకుంది.

"పోనీ నీకేటి కావాలో నువ్వే సెప్పు" అన్నాడు జోగులు.

"ముసలాయన ఉండాల. పెద్ద గొంతు. దగ్గుతా, అందర్నీ తిడతా ఉండాల."

"మరి హీరో?"

"హీరో లేకపోయినా పర్లేదు."

జోగులు నుదురు కొట్టుకున్నాడు. పై అరలోంచి ఒకటి లాగి దుమ్ము దులిపాడు. అందులో తాతగారు మొదటి నుంచి చివరిదాకా మంచం మీంచి కేకలేస్తూనే ఉంటాడు. ఆ కేకలకి జడిసి జనం హాలు వైపు రాలేదు. సాయిలక్ష్మి మాత్రం దాన్ని గభాల్న సంచిలో వేసుకుంది.

"అన్నదమ్ముల సినిమా ఉందా? ముగ్గురుండాల."

"నలుగురున్నది ఉంది. ఆస్తి కోసం ఒకటే కొట్లాట."

"నలుగురెందుకు? ఒకడు ఎక్కువైపోతాడు."

"ఎక్కువైతే నీకేటే? ఆల్లకి నువ్వేటైనా వండి పెట్టాలా?" జోగులు కసిరాడు. "ఇంటర్వెల్ కాడ పెద్దోడు సచ్చిపోతాడులే, తీసుకో."

ఆమె ముఖం విప్పారింది. "అయితే రెండో సీడీ ఒక్కటే ఇచ్చీ."

ఈసారి జోగులుకి ఒళ్ళు మండింది. టైటిల్స్ తప్పిపోయాయని హాల్లోంచి లేచొచ్చేసే మనిషి అతను. మొదలు లేకుండా సినిమా చూస్తానంటే తన్ను తిట్టినట్టే అనిపించింది. అయినా నోరు నొక్కుకుని, రెండు సీడీల్లోంచి రెండోది తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మళ్ళీ హారన్.

"అక్కా, వస్తన్నావా? ఎల్లిపోనా?" ఆటోవాడు అరిచాడు.

"వచ్చీస్తన్నాను తమ్ముడూ, ఆగు!" ఆమె మళ్ళీ జోగులు వైపు తిరిగింది. "బాబాయ్, కుక్క సినిమా?"

"ఉంది గానీ గీతలు పడిపోనాది. బొమ్మ మజ్జమజ్జలో ఆగిపోతాది."

"అరుపో?"

"అరుపుకేటి, సక్కగా ఇనబడతాది."

"సాలు, ఇచ్చీ."

జోగులు ఇచ్చాడు. ఇస్తూ ఊరికే ఉండకుండా, "ఇంతా సేసి రేత్రిపూట కరెంటు పోతే ఏటి సేస్తావ్?" అన్నాడు.

"ఆ మాటనకు బాబాయ్!"

కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి ఆమెకి. ఎందుకన్నానా అని జోగులు నొచ్చుకున్నాడు. సినిమాల కోసం ఇంత ఏడుపేమిటని విసుగూ వచ్చింది. ఆమె సంచి చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో ఆటో దగ్గరికి పోతుంటే, ఉండబట్టలేక తనూ వెనకే వెళ్ళాడు.

"ఆగు సాయీ! పాటలొద్దన్నావు, హీరో వద్దన్నావు, మొదలు కూడా వద్దన్నావు. అసలీ సినిమాలు ఎలా సూస్తావే నువ్వు?"

ఆటో కమ్మీ పట్టుకుని ఎక్కబోతున్న సాయిలక్ష్మి ఆగింది. కొట్లో బెంచీ మీదున్న వాళ్ళకి వినబడదు కదా అని ఒకసారి వెనక్కి చూసుకుని, గొంతు తగ్గించింది.

"సూడ్డానికి కాదు బాబాయ్. మొన్న రేత్రి ఎవుడో తలుపు కొట్టి, ఇంట్లో ఎవులెవులున్నారని అడిగినాడు. మా మావ, ముగ్గురు మరుదులు, కుక్కా ఉన్నారని సెప్పీసినాను."