గుహ లేని కౌజుపిట్ట

ఇప్పపూలు దొంగిలించారంటూ నక్కనూ కౌజుపిట్టనూ పట్టి బోనులో పెట్టారు. “సొంత గుహ ఉన్నవాళ్ళు జామీను ఉంటే విచారణ దాకా వదులుతాను,” అంది న్యాయాధికారి ఏనుగు.

నక్కకు తోడేలు జామీను నిలిచింది. ఆ పూటే నక్క వెళ్ళిపోయింది.

“అయ్యా, మా పిట్టలకు గుహలెక్కడివి? గూట్లో గుడ్లున్నాయి. పొదగకపోతే చచ్చిపోతాయి. నేనెక్కడికీ పారిపోను!” అని కౌజుపిట్ట మొత్తుకుంది.

“నియమం అందరికీ ఒకటే,” అంది ఏనుగు.

వాయిదాల మీద వాయిదాలు పడి, నెల తర్వాత విచారణ జరిగింది. దొంగ నక్కేనని తేలింది. పిట్టను వదిలేశారు.

పిట్ట గూటికి పరుగెత్తింది. గుడ్లన్నీ మురిగిపోయి ఉన్నాయి. ఒళ్ళు మండిపోయి తిరిగొచ్చి, ఏనుగు ముందు నిలబడింది.

“నా తప్పు లేదన్నారు. మరి నా పిల్లలకు ఈ శిక్ష ఎందుకు వేశారు?”

ఏనుగు తల తిప్పుకుని, తర్వాతి కేసు పిలవమంది.