వెనక సీటు ఆయనదే

కార్ఖానా మెయిన్ రోడ్డు మీద, సరిగ్గా సృజన మెకానిక్ షెడ్డు ముందే ఆ వ్యాన్ ఆగిపోయింది.

డయాలసిస్ పేషెంట్లను ఇళ్ల నుంచి సెంటరుకు తీసుకెళ్లే బండి అది. డ్రైవర్ రాజేందర్ కీ తిప్పి తిప్పి విసిగిపోయాడు. డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలుగుతున్నాయి తప్ప, ఇంజిన్ ఉలకదు పలకదు.

"పెద్దాయనా, జెర కిందికి దిగు," అన్నాడు వెనక్కి తిరిగి.

వెనక సీటులోంచి అమ్మిరాజు ఆయాసపడుతూ దిగాడు. భారీ మనిషి.

రాజేందర్ కీ తిప్పాడు. బండి స్టార్టయింది.

"చూసినవా చెల్లె?" స్కానర్ పట్టుకుని బయటికొచ్చిన సృజనతో అన్నాడు. "ఈయన ఎక్కితేనే గిట్లయితది. దిగంగనే మంచిగైతది. ఏం పాదమో ఏమో."

"ఇవాళ నాకు డయాలసిస్ ఉంది బాబూ," అన్నాడు అమ్మిరాజు.

"అందరికీ ఉంది. నీ ఒక్కడి కోసం ఇంతమంది పరేషాన్ గావాల్నా? ఆటోల పో. రేపటి సంది బండి ఎక్కకు."

ముందు సీటులోంచి మరో పేషెంటు కాంతమణి అందుకుంది. "మంచిగనే చెప్పినవన్నా. ఆ వెనక సీటు ఈయన జాగీరైంది. మొన్న నేను కూర్చుంటే లేపి పంపిండు."

సృజన స్కానర్ తగిలించి చూసింది. తప్పేమీ కనపడలేదు. పాదం మాటకు లోలోపల నవ్వుకుని బండిని పంపేసింది.

అమ్మిరాజు రోడ్డు పక్కనే నిలబడ్డాడు. "బండి బాగుపడుతుందా అమ్మా?"

"మళ్లా ఆగితే చూస్త పెద్దనాన్నా," అని ఆమె తన పనిలో పడిపోయింది.

వారాలు గడిచాయి. అదే వ్యాన్ ఈసారి తాడు కట్టించుకుని షెడ్డుకొచ్చింది. అందులో అమ్మిరాజు లేడు.

"ఆయన లేకున్నా ఆగిందేందన్నా?"

రాజేందర్ వంగి తాడు విప్పాడు. "పొద్దుగూకేలోపు బాగుగాకుంటే బండినే బంద్ జేస్తమంటున్నరు సెంటరోళ్లు. ఆ పేషెంట్లు బస్సులెక్కి తిరిగేటోళ్లు కాదు చెల్లె."

"బాగుచేసే పంపిస్త."

అన్నంత తేలిక కాలేదు. ఇంజినుకొక కంప్యూటరు, బ్రేకులకొకటి, డాష్‌బోర్డుకొకటి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది మెలివేసిన రెండు సన్నటి తీగల మీదే. ఆ మాటలు ఇప్పుడు పూర్తిగా ఆగిపోయాయి.

వాటిలో ఏ ఒక్కటి పాడై ఆ తీగలకు అడ్డుపడినా, దాన్ని ఊడదీస్తే మిగతావాటికి మాట రావాలి. సృజన ఒక్కొక్క పెట్టెనూ ఊడదీసింది, చూసింది, మళ్లీ తగిలించింది. ఫలితం లేదు. మధ్యాహ్నం దాటింది. టిఫిన్ డబ్బా మూత తెరవలేదు.

"ఇడిచిపెట్టు చెల్లె. దీనికి దిష్టి తియ్యాలె," అన్నాడు రాజేందర్.

దిష్టి మాట వినగానే ఆమెకు ఆ పాదం మాట గుర్తొచ్చింది.

పాదం సంగతి వట్టిదే. కానీ ఆయన దిగగానే బండి కదలడం వట్టిది కాదు, తన కళ్లతో చూసింది. ఆయనతో పాటు బండిలోంచి దిగిందేమిటి? బరువు.

"అన్నా, ఆయన సీట్ల ఇప్పుడేముంది?"

"ఖాళీగుందని ఇయ్యాల ఆక్సిజన్ సిలిండర్ పెట్టిన."

"దింపు."

ఇద్దరూ కలిసి దించారు. కీ తిప్పితే బండి స్టార్టయింది. మళ్లీ ఎక్కించారు. ఆగిపోయింది.

రాజేందర్ నమ్మలేక ఇంకోసారి కీ తిప్పి చూశాడు.

సృజన సీటు కింది మ్యాటు ఎత్తింది. సీటు కాలు కింద ఆ రెండు సన్నటి తీగలే నలిగి, పైతొడుగు అరిగిపోయి, లోపలి రాగి బయటపడింది. సీటు మీద బరువు పడినప్పుడల్లా ఆ రాగి ఇనుముకు తగులుతోంది. తగిలితే బండి మొత్తానికీ నోరు పడిపోతోంది.

పాడైన ముక్క కోసేసి, కొత్త తీగ అతికించి, మునుపటి మెలికే వేసి, సీటు కాలికి అందకుండా పక్కనుంచి తిప్పి కట్టింది. సిలిండర్ని అక్కడే ఉంచి, దాన్ని పట్టుకుని పక్కనే కూర్చుంది. "నడుపన్నా. గుంతలున్న రోడ్డు మీదికే పోనియ్."

సీటు సరిగ్గా వెనక చక్రం మీదుంది. గుంత గుంతకీ ఆమె నడుము కలుక్కుమంది. పళ్ల బిగువున ఓర్చుకుంది.

బండి మాత్రం ఎక్కడా ఆగలేదు.

"అన్నా, తప్పు ఎక్కడుందో ఆయన రోజూ చూపెట్టిండు. మనమేమో ఆయన్నే తప్పన్నం. ఆ రోజు నేను సుత నవ్వి ఊకున్న." ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. "ఇప్పుడే పోయి ఆయనకు చెప్పాలె. రేపటి సంది ముందు సీటు ఆయనదే."

బండి అమ్మిరాజు ఇల్లున్న మౌలాలి వైపు తిరిగింది.

తలుపు తీసింది ఆయన భార్య శేషారత్నం. ఆమె వెనక, స్టూలు మీద అమ్మిరాజు ఫొటో ఉంది. దాని ముందు దీపం వెలుగుతోంది.

రాజేందర్ గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"కొన్నాళ్లు బస్సుల్లో వెళ్లారు. రెండు బస్సులు మారాలి కదా, ఓపిక లేక మానేశారు," అందామె. తర్వాత వీధిలోని వ్యాన్ వైపు చూసింది. "బండి బాగైందా బాబూ?"

"అయిందమ్మా," అన్నాడు రాజేందర్.

"పోనీలే, రోజూ అదే అడిగేవారు. నువ్వు కనపడితే ఆ వెనక సీటు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పమన్నారు బాబూ. అక్కడ కుదుపులెక్కువట, సూదులు పొడిపించుకుని వచ్చినవాళ్లు తట్టుకోలేరని ఎక్కిన మొదటిరోజు నుంచీ అందులో తనే కూర్చునేవారట."