మూడో రైలు

విశాఖ ఎయిర్‌పోర్టులో దిగి స్టేషన్‌కి వచ్చాక, కావాలనే రెండు రైళ్లు వదిలేశాను. మూడోది ఎక్కాక నయోమి అక్క ఫోన్ చేసింది.

“ఒరే సైమనూ, రైలెక్కీసావేటి?”

“ఎక్కానక్కా.”

“ఇంటికని పూండిలో దిగకు. తిన్నగా పలాస వచ్చీ. నాను డయాలసిస్ కాడే ఉన్నాను. నీ కిడ్నీ నాకు సరిపోద్దో లేదో రేపు టెస్టులు సేత్తారట.”

“సరిపోకపోతే?”

“నోరు ముయ్యరా. మన ఇంట్లో ఈ ఆరేళ్లూ కిడ్నీలు పాడుసేసే ఉద్దానం నీళ్లు తాగనోడివి నువ్వొక్కడివే. దేవుడు నిన్ను అందుకే అబుదాబి పంపీసాడు.”

నేను సెలవు పెట్టి వస్తున్నానని అక్క అనుకుంటోంది. మెడికల్ టెస్టుల్లో నా కిడ్నీలు కూడా పాడయ్యాయని తేలాక, కంపెనీయే నన్ను విమానం ఎక్కించేసింది.

“తిన్నగా వత్తన్నావు గదేటిరా?” అంది అక్క.

“వత్తన్నానక్కా” అన్నాను.