బేస్‌మెంట్‌లో ఇనప బీరువాలు

"స్టవ్ కట్టేశానా?" కారు సగం దూరం వచ్చాక అడిగింది ఉమ.

"కట్టేశావమ్మా. నేనూ చూశాను. నువ్వు ఫోటో కూడా తీసుకున్నావు," అంది అంకిత, స్టీరింగ్ తిప్పుతూ.

ఉమ ఫోన్ తీసి స్టవ్ ఫోటో చూసుకుంది. మీటలన్నీ ఆఫ్‌లోనే ఉన్నాయి. అయినా గుండెల్లో గుబులు పోలేదు. ఇవాళ్టి గుబులు స్టవ్ గురించి కాదు.

"ఇంటి నిండా తుపాకులున్న వాళ్లతో సంబంధం ఏమిటే? ఈ ఊళ్లో ఇంకెవరూ దొరకనట్టు!"

"అది హాబీ అమ్మా. కొందరు స్టాంపులు దాస్తారు. ప్రసాద్ అంకుల్ పాత రైఫిల్స్, రివాల్వర్స్ దాస్తారు."

"స్టాంపులు పేలవు."

అంకిత పకపకా నవ్వింది. "ఒక్కసారి చూడు. నచ్చకపోతే నో చెప్పేయ్, దట్సాల్. నాకు మాత్రం ఆ ఫ్యామిలీ చాలా నచ్చింది."

ఆ మాటకే ఉమ మెత్తబడింది. తండ్రి లేని పిల్ల. చిన్నప్పట్నుంచీ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఇప్పుడు అడక్క అడక్క అడిగితే, మధ్యలో ఈ తుపాకులు!

జీన్స్‌లో హాయిగా కూర్చున్న కూతుర్ని, ఎర్రంచు పట్టుచీరలో బిగుసుకుపోయిన తనని చూసుకుని విసుక్కుంది. "నువ్వేమో అలా, నేనేమో ఇలా. చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"బావున్నావులే అమ్మా. వచ్చేశాం, దిగు."

ట్రాయ్ ఊళ్లో ఆ ఇంటి ముందు మేపుల్ ఆకులు ఎర్రగా రాలి ఉన్నాయి. తలుపు తీసినవాడు చైతన్య. అంకిత ఆఫీసులోనే పని చేస్తాడు. ఈ సంబంధం మాట మొదట ఎత్తింది వాళ్లిద్దరే. వెనకాలే వాళ్ల నాన్న ఆంజనేయప్రసాద్ వచ్చి నమస్కారం పెట్టాడు. కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఒంటిమీద కొత్త చొక్కాకి మడతలింకా పోలేదు. హాల్లో, ఎప్పుడో పోయిన చైతన్య వాళ్లమ్మ ఫోటోకి చామంతుల దండ ఉంది.

కాఫీలు అయ్యాయి. చలి గురించి మాట్లాడుకున్నారు.

"అంకుల్, అమ్మకి మీ కలెక్షన్ చూపించండి. మేమిద్దరం ఇక్కడే ఉంటాం," అంది అంకిత.

ఉమ కూతురి వంక గుర్రుగా చూసింది. చైతన్య కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు.

బేస్‌మెంట్‌లో రెండు ఇనప బీరువాలు. తలుపుల మీద కుంకుమ బొట్లు. "దసరాకి ఆయుధపూజ చేశానండీ," అన్నాడు ఆంజనేయప్రసాద్ మొహమాటంగా. జేబులోంచి తాళంచెవి తీసి తిప్పాడు. తర్వాత నంబరు నొక్కాడు. లోపల ఒక్కో తుపాకీకి మళ్లీ ఒక్కో తాళం.

"ఇన్ని తాళాలెందుకండీ?"

"భయమండీ."

ఉమ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

ఆయన ఓ రివాల్వర్ని మెత్తటి గుడ్డలో పట్టుకుని పసిపాపలా బయటికి తీశాడు. "నూరేళ్ల పైబడిన సరుకు. ఈ చక్రం తిరగడం చూడండి, ఎంత నున్నగా ఉందో! మా ఇంజన్లలో కూడా ఇంత పనితనం లేదు. దీంతో ఎవరూ చచ్చి ఉండరు, నాది గ్యారంటీ."

"మీకెలా తెలుసు?"

"దీని గొట్టం వంకర. గోడని కొట్టాలన్నా కష్టమే."

ఉమకి నవ్వొచ్చింది గానీ మింగేసింది. "రాత్రి మంచినీళ్లకి లేచిన మనిషిని దొంగనుకుని కాల్చేస్తే?"

"ఈ తాళాలన్నీ తీసేసరికి ఆ మనిషి నీళ్లు తాగి, మళ్లీ పడుకుని, గురక కూడా పెడుతుందండీ. పైగా ఇంట్లో ఒక్క తూటా ఉండదు. షూటింగ్ రేంజ్‌లోనే కొంటాను, అక్కడే కాల్చేసి వస్తాను."

"రేపు మనవలు పుట్టి, ఈ మెట్లు దిగి వస్తే?"

"పై తలుపుకి అందనంత ఎత్తులో గొళ్లెం పెట్టించాను."

"ఇంకా పుట్టని మనవలకా!"

"ముందే జాగ్రత్తగా ఉండటం మంచిది కదండీ."

ఉమ కూడా అలాగే చేసి ఉండేది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీకు ఇబ్బందైతే అన్నీ అమ్మేస్తాను. కొనేవాళ్లతో మాట్లాడాను కూడా. ఈ సంబంధం కంటే ఇవి ఎక్కువ కాదు." ఆ మాట అంటూనే రివాల్వర్ని ఇంకోసారి తుడిచాడు. గుడ్డ మీంచి చెయ్యి ఎంతకీ తీయలేదు.

అన్నిటికీ తాళాలు వేసి, పిడి లాగి చూసి, మెట్లెక్కారు. సగంలో ఆయన ఆగాడు. "ఒక్క నిమిషం." కిందికి వెళ్లి, పిడి లాగి చూసి వచ్చాడు. పై మెట్టు దగ్గర మళ్లీ ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వేశాను. వేసినట్టే గుర్తు. మావాడు నవ్వుతాడండీ..."

"నవ్వనివ్వండి. పదండి, ఈసారి నేనూ చూస్తాను," అంది ఉమ.

ఇద్దరూ దిగారు. ఉమ కొంగు బిగించి తానే పిడి లాగింది. గట్టిగానే ఉంది.

"ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పైకెళ్లాక అనుమానమొస్తే చూసుకోవచ్చు."

ఆంజనేయప్రసాద్ వెంటనే ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. "ఇన్నేళ్లలో నాకీ ఉపాయం తట్టలేదండీ!" ఇద్దరూ పెద్దగా నవ్వేశారు. ఆ నవ్వు హాల్లోకి వినిపించింది.

పైకి రాగానే అంకిత, చైతన్య ఒక్కసారే లేచి నిలబడ్డారు. "ఏమైంది?"

"తుపాకులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఏదీ అమ్మేది లేదు," అంది ఉమ. "ఒక తాళంచెవి మాత్రం నా దగ్గరుండాలి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఉమ దాన్ని బొడ్లో దోపుకుంది. అంకిత కేక పెట్టి తల్లిని వాటేసుకుంది. చైతన్య కాజాల పళ్లెం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మీ అమ్మ ఇక నాకూ అమ్మే. ఇకమీదట నన్ను అన్నయ్యా అనాలి నువ్వు," అంటూ అంకిత నోట్లో కాజా కుక్కాడు.